న్యూ ఫారెస్ట్‌లో ఓక్ చెట్టునీ సమాధి దిబ్బనీ గుర్తుపట్టడం

న్యూ ఫారెస్ట్ పేరులోని రెండు మాటలూ మోసమే. ఇంగ్లండు దక్షిణాన, సౌతాంప్టన్ పక్కనున్న ఈ నేలకి విలియం ది కాంకరర్ 1079లో తన వేట కోసం హద్దులు గీయించాడు. కొత్తదనం అప్పటిది. ఇక ఫారెస్ట్ అంటే ఆ రోజుల్లో రాజుగారి వేట చట్టం నడిచే ఇలాకా అని అర్థం, అందులో చెట్లున్నా లేకపోయినా సరే. ఇప్పటికీ ఇక్కడ చాలా భాగం హీత్: హెదర్ పొదలు, గోర్స్ ముళ్లకంప, పొట్టిగడ్డి పరుచుకున్న బీద నేల. 2005లో నేషనల్ పార్కు అయింది. విస్తీర్ణం 566 చదరపు కిలోమీటర్లు.

వారాంతంలో వచ్చేవాళ్లు ఇక్కడ తిరిగే పోనీలతో (పొట్టిజాతి గుర్రాలతో) ఫోటోలు దిగి, ఐస్‌క్రీమ్ తిని, "మనిషి చెయ్యి పడని అడవి ఎంత బాగుందో" అనుకుంటూ రైలెక్కేస్తారు. నిజానికి ఇంతగా మనిషి చెయ్యి పడిన నేల దొరకడం కష్టం. ఇక్కడి ముసలి ఓక్‌ల ఆకారం గొడ్డలి ఇచ్చింది. హీత్ మీది గుండ్రటి దిబ్బలు కంచుయుగపు సమాధులు. ఆ హీత్ ఏర్పడటంలో కూడా ఆ సమాధులు కట్టినవాళ్ల వాటా పెద్దదే. ఈ మూడూ కంటికి ఆనాలంటే ఏం చూడాలో తెలియాలి.

ముందు చెట్టు. నిఘంటువుల్లో ఓక్‌ని సింధూర వృక్షం అంటారు గానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినం, కాబట్టి ఓక్ అనే అనుకుందాం. ముసలి ఓక్‌ని దూరం నుంచే పట్టించే గుర్తు ఒకటుంది. మాను రెండు మూడు మీటర్ల దాకా ఒక్కటిగా లేచి, సరిగ్గా ఒకే ఎత్తులో నాలుగైదు లావాటి కొమ్మలుగా చీలుతుంది, పిడికిలి లోంచి వేళ్లు విప్పినట్టు. అది పొలార్డ్ చేసిన చెట్టు. మన దగ్గర మేకలకి మండ కొట్టినట్టే ఇక్కడ జింకల మేతకీ, వంటచెరుకుకీ కొన్నేళ్లకోసారి తల నరికేవాళ్లు. మొదలు దగ్గర నరికితే చిగుళ్లు పశువుల నోటికి అందుతాయి, అందుకే ఆ ఎత్తు.

1698లో వచ్చిన చట్టం ఈ పనిని నిషేధించింది. నౌకాదళానికి పొడవాటి కలప కావాలి, తల నరికిన చెట్టు ఆ పనికి రాదు. కాబట్టి అసలైన పొలార్డ్ ఓక్ మీ కంటబడితే, చట్టాన్ని ఎగ్గొట్టి ఎవరూ నరకలేదనుకుంటే, అది 1698 కంటే ముందే పుట్టి ఉండాలి. టేపు లేకుండానే తేలే వయసు ఇది. తమాషా ఏమిటంటే, నౌకలకి పనికొచ్చే తిన్నని ఓక్‌లు నౌకలకే పోయాయి. దగ్గర్లోని బక్లర్స్ హార్డ్‌లో కట్టిన అగమెమ్నాన్ అనే యుద్ధనౌక 1781లో నీళ్లలోకి దిగింది. వంకర పొలార్డ్‌లు ఎవరికీ అక్కర్లేక మిగిలాయి.

వీటిలో పేరున్నది నైట్‌వుడ్ ఓక్. లిండ్‌హర్స్ట్ ఊరికి నైరుతిగా, ఏ35 రోడ్డు దాటగానే బోల్డర్‌వుడ్ దారిలో దాని పేరుతోనే కారు పార్కింగ్ ఉంది. చెట్టు చుట్టూ కంచె ఉంటుంది. చుట్టుకొలత సుమారు 7.4 మీటర్లు. వయసు 500 ఏళ్లు దాటిందని అంచనా. ఆ అంచనాకి ఎలా వస్తారో లెక్క చూడండి, ఎందుకంటే చాలామంది తప్పేది ఇక్కడే.

బయట వినిపించే సూత్రం ఏమిటంటే, ఆరుబయట పెరిగే ఓక్ చుట్టుకొలత ఏడాదికి 2.5 సెంటీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి చుట్టుకొలతని 2.5తో భాగిస్తే వయసు వస్తుంది. నైట్‌వుడ్ ఓక్‌కి అలా చేస్తే 740 బై 2.5, అంటే 296 ఏళ్లు. అంటే 1698 తర్వాత పుట్టినట్టు! పొలార్డ్ అయ్యుండి అది కుదరదు. సూత్రం కుర్ర చెట్టుకి సరిపోతుంది, ముసలిదానికి సరిపోదు. చెట్టు తల ఒక సైజుకి వచ్చాక ఆకులు పెరగవు, ఆకులు పెరగనప్పుడు ఏడాదికి వేసే కలప కూడా దాదాపు అంతే ఉంటుంది. అదే కలపని ఇంకా లావాటి మాను చుట్టూ పరచాలి కాబట్టి వలయం సన్నబడుతుంది. మూడు మీటర్ల చుట్టుకొలత దగ్గర వలయం 4 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆరు మీటర్ల దగ్గర అది 2 మిల్లీమీటర్లే.

ఈ పద్ధతిలో మళ్లీ వేద్దాం. మూడు మీటర్లకి రావడానికి 120 ఏళ్లు. అప్పుడు కోత ముఖం వైశాల్యం 0.72 చదరపు మీటర్లు, 7.4 మీటర్ల దగ్గర 4.36. తేడా 3.64. ఏడాదికి 0.012 చొప్పున 303 ఏళ్లు. మొత్తం 420 పైచిలుకు. దీనిమీద పొలార్డ్ దెబ్బ ఒకటి కలుపుకోవాలి. తల నరికిన ప్రతిసారీ ఆకులన్నీ పోయి, కొన్నేళ్లపాటు వలయాలు దారంలా వస్తాయి. ఐదు వందలు దాటడం అలా సాధ్యమవుతుంది. వలయాలు లెక్కపెడితే పోలేదా అంటే, ఈ వయసు ఓక్‌లలో లోపల లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు, తొర్ర తప్ప.

కంచె లేని చెట్టుని మీరే కొలవాలంటే పది మీటర్ల గుడ్డ టేపు, తోడుగా ఇంకో మనిషి చాలు. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కొలవాలి. వాలు మీదుంటే ఎగువ వైపు నుంచి ఆ ఎత్తు లెక్కపెట్టాలి. ఆ ఎత్తులో బుడిపె ఉంటే దాని కిందికి జరిగి, సన్నగా ఉన్నచోట కొలిచి, ఏ ఎత్తులో కొలిచారో రాసుకోండి. టేపుని బెరడు మీద ఈడ్వకండి, ఎత్తి తిప్పండి. బెరడు మీద బూడిదరంగు, ఆకుపచ్చ పొరల్లా ఉండేవి లైకెన్లు. మన మసాలాలో వేసే రాతిపువ్వూ లైకెనే. ఇక్కడి ముసలి ఓక్, బీచ్ చెట్లు (సముద్రపు బీచ్ కాదు, చెట్టు పేరే అది) అరుదైన లైకెన్లకి పేరుపడ్డాయి. ఒక్క ఈడ్పుకి దశాబ్దాల పెరుగుదల ఊడొస్తుంది.

తొర్రని చూసి చెట్టు చచ్చిపోతోంది అనుకోవద్దు. ఓక్‌లో చేవ అప్పటికే జీవం లేని కలప. బీఫ్‌స్టీక్ ఫంగస్ లాంటి బూజులు తినేది దాన్నే. నీరు మోసే పొర బెరడుకి ఆనుకుని ఉంటుంది, అది బాగున్నంతకాలం చెట్టు బతికే ఉంటుంది. చేవ కుళ్లిన పొడిలోకి చెట్టే లోపల నుంచి వేళ్లు దింపుకుని ఆ సారం మళ్లీ తాగుతుంది. పైకొమ్మలు ఎండి, కింద కొత్త తల తయారైతే అది కూడా జబ్బు కాకపోవచ్చు. ముసలి ఓక్ కిందికి కుంచించుకుంటుంది.

తెలుగు పాఠకులకి ఇక్కడ మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గుర్తొస్తుంది. 2018లో చెదలు పట్టిన ఆ మర్రికి సెలైన్ సీసాలు కట్టి పురుగుమందు ఎక్కించారు. న్యూ ఫారెస్టులో అలా ఎందుకు చేయరంటే శత్రువు వేరు కాబట్టి. ఇక్కడి బీటిల్ పురుగుల్లో చాలా రకాలు పుచ్చిన కలప మీదే బతుకుతాయి. స్టాగ్ బీటిల్ పిల్ల పురుగు నేలలోని కుళ్లిన కలపలో ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే పడిన కొమ్మని పడినచోటే వదిలేస్తారు. చక్కగా పేర్చినా నష్టమే, నీడలో తడిగా ఉన్న కలప ఎండలో ఆరిపోతుంది.

ఓక్‌ని నిజంగా చంపేవి రెండు. మొదటిది నీడ. పక్కన బీచ్ మొలిస్తే అది ఓక్‌ని మించి ఎదిగి వెలుతురు మింగేస్తుంది. హాలీ పొదలు కింద నుంచి మానుని కమ్మేస్తే ముందు లైకెన్లు పోతాయి. వాటిని తీసేయడంలో తొందర పనికిరాదు. అన్నీ ఒకేసారి కొట్టేస్తే అన్నాళ్లూ నీడకి అలవాటు పడిన బెరడు ఎండకి కమిలిపోతుంది. ఒక వైపు కొంత, రెండు మూడేళ్లాగి ఇంకొంత, అలా తీయాలి. మూడు శతాబ్దాలుగా కోయని పొలార్డ్ కొమ్మలని ఇప్పుడు మళ్లీ పాత చీలిక దాకా నరకడం ఇంకా పెద్ద తప్పు. అంత ముదురు కొమ్మ నరికినచోట ఓక్ చాలాసార్లు చిగురించదు. బరువు తగ్గించాలంటే కొసల నుంచి కొద్దికొద్దిగా తీస్తారు.

రెండోది అడుగులు. ఓక్ వేళ్లలో ఎక్కువ భాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి బయటికి పాకుతాయి. ముసలి చెట్టుకి కాపాడాల్సిన వేళ్ల వలయం మాను నుంచి ఎంత దూరం దాకా అంటే, మాను వ్యాసానికి 15 రెట్లు, లేదా కొమ్మల అంచు దాటి ఐదు మీటర్లు, ఏది ఎక్కువైతే అది. నైట్‌వుడ్ ఓక్ వ్యాసం సుమారు 2.36 మీటర్లు, కాబట్టి 35 మీటర్లు. ఆ వలయంలో కారు ఒకసారి తడి నేల మీద నిలిపితే మట్టిలో గాలి సందులు నలిగి మూసుకుపోతాయి. ఫలితం పదేళ్ల తర్వాత తలలో కనిపిస్తుంది, అప్పటికి కారు ఎవరిదో ఎవరికీ గుర్తుండదు.

ఇక దిబ్బలు. వీటిని బారోలు అంటారు. బ్రిటన్‌లో గుండ్రటి బారోలు ఎక్కువగా క్రీ.పూ. 2200 నుంచి 1100 మధ్యవి. న్యూ ఫారెస్టులో ఇవి వందల్లో ఉన్నాయి. తెలంగాణలో రాక్షస గుళ్లు చూసినవాళ్లు ఇక్కడా బండరాళ్ల కోసం వెతుకుతారు. దొరకవు. ఈ నేలంతా ఇసుక, బంకమట్టి, గులకరాళ్లు. లేపి నిలబెట్టడానికి రాయే లేదు. అందుకని మట్టితోనే కట్టారు.

ఎక్కువగా కనిపించేది బోర్లించిన మూకుడులా ఉండే బౌల్ బారో. అడుగు వ్యాసం పది నుంచి పాతిక మీటర్లు, ఎత్తు అర మీటరు నుంచి రెండు రెండున్నర. చుట్టూ కందకం ఉంటే అది పూడిపోయి, కాస్త పచ్చగా, తడిగా వలయంలా కనిపిస్తుంది. దిబ్బకీ కందకానికీ మధ్య చదునైన గట్టు ఉంటే బెల్ బారో. మధ్యలో చిన్న బొడిపె, బయట పెద్ద వలయం ఉంటే డిస్క్ బారో, దీన్ని పోల్చుకోవడం అన్నిటికంటే కష్టం. శిఖరం మీద గుంట ఉంటే సహజం అనుకోకండి, సాధారణంగా అది పాతకాలపు ఔత్సాహికులు నిధికోసమో సరదాకో పైనుంచి గొయ్యి దింపిన గుర్తు.

ఒక దిబ్బని దగ్గరగా లెక్కేద్దాం. అడుగు 20 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు అనుకోండి. ఘనపరిమాణం దాదాపు 320 ఘనపు మీటర్లు, బరువు ఐదు వందల టన్నులు. తట్టకి ఇరవై కిలోల చొప్పున పాతికవేల తట్టలు. అయితే హీత్ మీది బారోల్లో చాలావాటి లోపలి భాగం తట్టల మట్టి కాదు, గడ్డితో సహా కోసి పేర్చిన పెళ్లలు. పది సెంటీమీటర్ల మందం పెళ్లలతో 320 ఘనపు మీటర్లు నింపాలంటే 3,200 చదరపు మీటర్ల నేల ఒలవాలి. అంటే ఒక్క సమాధికి ముప్పాతిక ఎకరం పైమట్టి. అలాంటివి వందలు కట్టారు. దానికి తోడు చెట్లు కొట్టారు, పశువులు మేపారు. బీద ఇసుక నేలకి అది చాలు. వాన సారాన్ని కిందికి కడిగేసింది, పైన బూడిదరంగు ఇసుక మిగిలింది, హెదర్ తప్ప ఏదీ సరిగ్గా మొలవని స్థితి వచ్చింది. దిబ్బల కింద మూతపడిన పాత నేలని పరీక్షిస్తే, అది చుట్టూ ఇప్పుడున్న నేల కంటే ఆరోగ్యంగా ఉన్న సందర్భాలు ఉన్నాయి. సమాధి తన కింద అడవి మట్టిని దాచింది.

లోపల ఏముంటుంది? ఆశ పెట్టుకోవద్దు. ఈ ఆమ్ల నేల కాల్చని ఎముకని పూర్తిగా కరిగించేస్తుంది. దహనం చేసిన ఎముక ముక్కలు, బొగ్గు, కుండ పెంకులు మిగులుతాయి. 1939లో సట్టన్ హూ (ఇంగ్లండులో బయటపడ్డ ప్రఖ్యాత ఆంగ్లో-సాక్సన్ ఓడ సమాధి) తవ్వకంలో పనిచేసిన పురావస్తు శాస్త్రవేత్త పెగ్గీ పిగట్ 1941, 42లలో, యుద్ధకాలపు పనుల హడావుడిలో, న్యూ ఫారెస్టులో 15 బారోలు తవ్వి నమోదు చేశారు. అప్పటి వైమానిక స్థావరాల్లో ఒకటి బ్యూలీ హీత్ మీద ఉంది. (రాత ఫ్రెంచిలా బోలియూ అని ఉంటుంది, పలికేది బ్యూలీ.) హ్యాచెట్ పాండ్ చెరువు దగ్గర ఆగి నడిస్తే ఒకే మైదానంలో పాత రన్‌వే జాడలూ బారోలూ కనిపిస్తాయి.

వెతకడానికి బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే ఓఎల్22 మ్యాపు కొనండి. అందులో పాతకాలపు నల్ల అచ్చులో 'ట్యూములస్', 'ట్యూములై' అని ఉన్నచోట్లన్నీ బారోలే. ఎండాకాలంలో వెళ్తే బ్రాకెన్ అనే నడుమెత్తు ఫెర్న్ అన్నిటినీ కప్పేస్తుంది. అది వాలిపోయాక, డిసెంబరు నుంచి మార్చి దాకా, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వాలు ఎండలో చూడాలి. అర మీటరు దిబ్బ మిట్టమధ్యాహ్నం కనిపించదు, పొద్దు వాలాక నీడే దాన్ని పట్టిస్తుంది. ఇంట్లో కూర్చుని లైడార్ పటాల్లో (విమానం నుంచి లేజరుతో నేల ఎత్తుపల్లాలు కొలిచి చేసినవి) వెతికేవాళ్లకి ఒక మాట: సాఫ్ట్‌వేర్ మామూలుగా వెలుతురుని వాయవ్యం నుంచి 45 డిగ్రీల్లో వేస్తుంది. దాన్ని 15, 20 డిగ్రీలకి దించి, దిక్కు మార్చి మార్చి చూడండి. ఒకే దిక్కు వెలుతురులో గట్లు సగం మాయమవుతాయి.

తప్పుదారి పట్టించేవి చాలా ఉన్నాయి. యుద్ధకాలపు బాంబు గుంటల అంచులు, కంకర తవ్వి పోసిన గుట్టలు, పాత కట్టల మూలలు. అన్నిటికంటే ఎక్కువగా పొరపడేది బాయిలింగ్ మౌండ్ దగ్గర. అదీ కంచుయుగానిదే కావచ్చు, కానీ సమాధి కాదు. రాళ్లు కాల్చి నీళ్లలో వేసి కాచాక పారబోసిన గుట్ట. అది వాగు పక్కన, లాడం ఆకారంలో ఉంటుంది. పోనీల డెక్కలకి రేగిన చోట పగుళ్లిచ్చిన బూడిదరంగు చెకుముకి రాళ్లు కనిపిస్తాయి. బారో ఎత్తు మీద, నాలుగు వైపులా కనిపించే చోట ఉంటుంది. పరీక్ష కోసం మీరు మాత్రం పుల్లతో కూడా గీకవద్దు. ఇక్కడి బారోల్లో చాలావాటికి 1979 చట్టం కింద రక్షణ ఉంది. అనుమతి లేకుండా ఏ పని చేసినా, మెటల్ డిటెక్టర్ పట్టుకు తిరిగినా నేరమే.

బారోని పాడుచేసేవి చిన్నచిన్నవే. బ్రాకెన్ దుంపవేళ్లు లోపలి బొగ్గు పొరలని కలగాపులగం చేస్తాయి. కుందేళ్లు బొరియలు తవ్వుతాయి. దిబ్బ మీద మొలిచిన చెట్టు గాలివానకి కూలితే వేళ్లతోపాటు సమాధి మధ్యభాగం పెళ్లగా లేచొస్తుంది. అందుకే చెట్టుని చిన్నప్పుడే నేలమట్టానికి కోసి, మొద్దుని అలాగే కుళ్లనిస్తారు. పీకరు. కోసిన కంపని దిబ్బ మీద తగలబెట్టరు, వేడి కింది పొరలని మార్చేస్తుంది. సైకిళ్లు కోసిన గాడిని పూడ్చేటప్పుడు ముందు గుడ్డలాంటి పొర పరిచి దానిమీద అక్కడి మట్టే వేస్తారు. రేపు తవ్వేవాళ్లకి పాతదేదో కొత్తదేదో తెలియాలి కదా.

చెట్టునీ దిబ్బనీ ఇలా నిలిపి ఉంచే అసలు కూలీలు పశువులు. మేత ఆగిపోతే ఇరవై ముప్పై ఏళ్లలో హీత్ అంతా పైన్, బర్చ్ మొక్కలతో నిండుతుంది. పోనీలు అడవి గుర్రాలు కావు, ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. మేత హక్కు ఇంటికో పొలానికో అంటి ఉంటుంది, ఆ హక్కున్నవాళ్లు కామనర్లు. వాళ్లు ఏటా వెర్డరర్లకి, అంటే ఈ మేత వ్యవహారాలు చూసే అధికారులకి, పుల్లరి లాంటి రుసుము కడతారు. కట్టిన గుర్తుగా అజిస్టర్ అనే ఉద్యోగి పోనీ తోక వెంట్రుకలని ఆ ప్రాంతానికి కేటాయించిన పద్ధతిలో కత్తిరిస్తాడు. తోక చూస్తే అది ఏ వైపుదో తెలుస్తుంది.

ఓక్ కాయలు రాలే కాలంలో పందులు దిగుతాయి. పచ్చి కాయల్లోని టానిన్లు పోనీలకీ ఆవులకీ కిడ్నీలు దెబ్బతీస్తాయి, పందులకి పెద్దగా ఏమీ కావు. అందుకని కాయల రాలుడు చూసి ఏటా తేదీ నిర్ణయించి, కనీసం 60 రోజులు పందులని వదులుతారు. ముక్కుకి రింగు ఉండాల్సిందే, లేకపోతే నేలంతా దున్నేస్తాయి. పంది ముట్టె ఎక్కిన బారో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వెళ్లడానికి లండన్ వాటర్లూ నుంచి బ్రాకెన్‌హర్స్ట్ స్టేషన్‌కి రైలు గంటన్నర, సౌతాంప్టన్ నుంచి ఇరవై నిమిషాల లోపే. ఓక్‌నీ బారోలనీ ఒకేరోజు చూడాలంటే జనవరి, ఫిబ్రవరి మేలు. ఆకులు ఉండవు కాబట్టి పొలార్డ్ చీలిక స్పష్టం, బ్రాకెన్ ఉండదు కాబట్టి దిబ్బ స్పష్టం. మార్చి నుంచి జులై దాకా నేల మీద గూడుకట్టే పక్షులుంటాయి, దారి దిగకండి. ఎప్పుడైనా సరే మెరిసే ఆకుపచ్చ నాచు మీద కాలు పెట్టకండి, కింద బురద ఊబి. వెచ్చని నెలల్లో ప్యాంటుని మేజోళ్లలోకి దోపుకోండి. ఇక్కడి పిడుదులు లైమ్ వ్యాధిని అంటిస్తాయి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లలకైతే తలలో కూడా వెతకాలి. కరిచి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగాలి, నూనె పోయడం, కాల్చడం వద్దు.

పోనీలకి తిండి పెట్టడం, నిమరడం 2023 జులైలో జరిమానా పడే తప్పులయ్యాయి. బార్బిక్యూ కూడా అంతే. కంచె లేని రోడ్ల మీద వేగం గంటకి 40 మైళ్లు దాటకూడదు. చలికాలం సాయంత్రం ఆ వేగం కూడా ఎక్కువే, నల్ల పోనీ నల్ల రోడ్డు మీద నిలబడితే హెడ్‌లైట్లలో చివరి క్షణం దాకా తెలియదు. ఎదురుగా లైట్లు వస్తుంటే మీ వేగం తగ్గించండి, ఒకటి దాటితే వెనక పిల్ల ఉంటుందని లెక్కేసుకోండి. పశువుని గుద్దితే ఆగి వెంటనే పోలీసులకి చెప్పాలి, 24 గంటలు దాటితే అది వేరే నేరం అవుతుంది.